రెండు గన్నులకు సరిపడా వేడి

మా ఆయన కుదురుగా కూర్చుని టీ తాగడం ఆ ఏడాది నేను చూడలేదు. గ్లాసు పట్టుకుని రోడ్డు దాకా పోయేవాడు, కొత్తూరు వైపు నుంచి వచ్చే లారీలను చూసేవాడు, మళ్లీ షెడ్డులోకి వచ్చేవాడు, గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయేవాడు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే. ఆ గ్లాసులు వెతకలేక నా ప్రాణం విసిగిపోయేది.

శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు మీద మాకో వాటర్ సర్వీసింగ్ షెడ్డు ఉండేది. లారీలు, ఆటోలు, కోళ్ల బండ్లు కడిగేవాళ్లం. ఎయిర్‌పోర్టు మొదలై రెండు మూడేళ్లయింది. విమానాల్లోకి భోజనాలు పంపే ఒక వంటశాల వాళ్లు తమ లారీలను బయట కడిగించుకోవాలని చూస్తున్నారని తెలిసింది. ఆ లారీలకు పట్టే జిడ్డు చన్నీళ్లకు కదలదు. వేడినీళ్ల మిషన్ ఉండాలి, నీళ్లు జోరుగా చిమ్మే గన్నులు రెండింటితో ఒకేసారి కొట్టాలి, బండిని తొందరగా వదలాలి. ఇవీ వాళ్ల షరతులు.

ఆ పని దొరకకపోతే ఆయన ఎయిర్‌పోర్టు గేటు దగ్గర గార్డుగా చేరాలి. వాళ్ల మేనమామ ఎవరినో బతిమాలి ఆ పోస్టు ఆపించి పెట్టాడు. ఆ ఎయిర్‌పోర్టు గోడ లోపలే ఒకప్పుడు మా అత్తగారి వాళ్ల చెలక, అంటే మెట్ట చేను, ఉండేది.

"మా చెలకకు నేనే కావలి ఉండాల్నా? అడుక్కతింట గని ఆ గేటు కాడ నిలబడ" అన్నాడు మా ఆయన.

"అడుక్కతినుడెందుకు? లారీలు కడుగుదం తియ్యి" అన్నాను.

ఇక మిషన్ వేట. కరెంటుతో కాగేది వద్దనుకున్నాం. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? పెళ్లిళ్లలో వాడే కట్టెల బాయిలర్ పెట్టండని అత్తమ్మ పోరు. "వందమంది తానాలకు కాగుతయి గద నీళ్లు, నీ లారీకి కాగయా?" అంటుంది. పొగ, మసి ఎక్కడ పోతాయమ్మా అంటే మూతి తిప్పుకుంది. చివరికి డీజిల్ బర్నర్ మిషనే గతి అని తేలింది. అందులో చిన్నది, పెద్దది, రెండు రకాలు.

సిటీ నుంచి వచ్చిన డీలరు ఆంధ్రా వైపు మనిషి, మర్యాదస్తుడు. "ఎంత వేడి అన్నది ఒక్కటే చూడకండి. ఎన్ని నీళ్లు, ఎంత తొందరగా కాగాలో చూడండి. రెండు గన్నులు వాడతానంటున్నారు కదా, పెద్దదే తీసుకోండి. చలికాలంలో చిన్నది అందుకోదండీ" అన్నాడు.

"పెద్దది అంటగట్టనీకి చూస్తుండు" అని ఆయన నా చెవిలో గొణిగాడు. డీలరన్నవాడి మాట నమ్మితే మునిగినట్టే అని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. నాకూ అంతే.

చిన్నదాన్నే పరీక్షకు తెప్పించాం. అది మే నెల, మిట్టమధ్యాహ్నం. షెడ్డు రేకుల మీద నల్ల ట్యాంకు, పొద్దున్నుంచీ ఎండకు మాడుతోంది. రెండు గన్నులూ విప్పి, ఆ నీళ్లు బకెట్లో పట్టి, తానానికి చూసినట్టు తలా ఒక వేలు ముంచి చూశాం. అత్తమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, "వామ్మో! కోడి ఈకలు ఊడేటట్టున్నయి!" అంది. ఆ మాటతో తీర్పు అయిపోయింది.

"ట్యాంకులో నీళ్లే సగం కాగి ఉన్నాయండీ" అని డీలరు చెప్పబోయాడు.

"మన దిక్కు చలి ఎన్ని దినాలుంటది అన్నా!" అని నవ్వాడు మా ఆయన.

చిన్న మిషనే కొన్నాం. చూడ్డానికి రావాల్సిన వంటశాల మేనేజరు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అంటాడు. వానలొచ్చాయి, దసరా పోయింది. మా ఆయన రోడ్డు మీద తిరిగేవాడు, నేను ఆయన మీద మొత్తుకునేదాన్ని. మేనమామ ఫోన్లు. "పోస్టు ఇంకెన్ని దినాలు ఆపాలెరా?"

మేనేజరు వచ్చింది డిసెంబరులో. తెల్లారి పొగమంచు ఇంకా విడలేదు, ట్యాంకు నీళ్లు పళ్లు జిల్లుమనేంత చల్లగా ఉన్నాయి. వెంట లారీ తెచ్చాడు, మెట్ల మీద నల్లగా జిడ్డు. మా ఆయన ఒక గన్ను, మా మరిది ఒక గన్ను పట్టారు. నీళ్లు ఎగజిమ్మాయి. ఆవిరి రాలేదు. బర్నరు మొత్తుకుంటూ మండుతోంది, మీట చివరిదాకా తిప్పినా నీళ్లు గోరువెచ్చనే. జిడ్డు పోలేదు సరికదా, ఇటుది అటు పులుముకుంది.

మా ఆయన తమ్ముడి గన్ను ఆపించాడు. కాసేపటికి తన గన్ను నుంచి ఆవిరి లేచింది. జిడ్డు చారలు చారలుగా కరిగి కారింది.

"బాగుంది. కానీ ఒక్క గన్నుతో నా బండ్లు ఎప్పటికి తెములుతాయి?" అన్నాడు మేనేజరు. "ఇక చాలు, ఆపెయ్యండి."

"సగం కడిగిన బండిని ఎట్ల పంపుత సార్?" అన్నాడు ఆయన. ఆపలేదు. మెట్లు, తలుపులు, చక్రాల సందులు, ఏదీ వదల్లేదు. మేనేజరు కారెక్కి వెళ్లిపోయినా కడుగుతూనే ఉన్నాడు. లారీ అద్దంలా తయారైంది. నాకు దాన్ని బండరాయితో బాదాలనిపించింది.

ఆ వారంలోనే ఆయన గార్డుగా చేరాడు.

ఒక సాయంత్రం అన్నం తింటూ చెప్పాడు: "ఇయ్యాల గా లారీ నా గేటు కాడికే వచ్చింది. డ్రైవర్ గుర్తుపట్టిండు. 'అన్నా, నువ్వు కడిగిన నాడు ఉన్నంత సాఫ్ మళ్ల ఎన్నడు కాలే' అన్నడు."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? గేటు లేపిన, పొమ్మన్న."

నవ్వుకుంటూనే చెప్పాడు. నేను కంచం పక్కకు జరిపి లేచి వెళ్లిపోయాను.