అంట్ల పీచూ, గోవిందూ

బందరులో భాస్కరరావు ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు కాళ్ళు కడుక్కోవాలి. గుమ్మం పక్కనే బకెట్టూ చెంబూ సిద్ధంగా ఉంటాయి. కడుక్కోకుండా లోపలికొచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ఆయన మొహం గంటు పెట్టుకుంటాడు. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు ఉద్యోగం. ఫైలు ముట్టుకుంటే చేతులు కడుగుతాడు, నోట్లు లెక్కపెడితే కడుగుతాడు, కడిగిన చేతులతో కుళాయి కట్టేశాక మళ్ళీ ఆ చేతులకేసి అనుమానంగా చూసుకుంటాడు.

అలాంటి మనిషి నట్టింట్లో ఆరడుగుల అద్దాల తొట్టీ, అందులో జానెడు పొడవు ఆస్కార్ చేపా ఉన్నాయంటే, అది కూతురు తన్మయి పంతం. ఎనిమిదో తరగతిలో అలిగి, అన్నం మానేసి మరీ తెప్పించుకుంది. దేవుడి పేరు పెడితే తండ్రి కాదనలేడని చేపకి గోవిందు అని పేరు పెట్టింది. ఎత్తు పారింది.

ఈ జూన్‌లో తన్మయిని ఇంటర్మీడియట్‌కి విజయవాడ హాస్టల్లో చేర్చారు. బయల్దేరే రోజు పిల్ల తొట్టి ముందు నుంచి కదల్లేదు. అద్దానికి ఇవతల ముక్కు ఆనించి నిలబడితే, గోవిందు అవతల్నించి అక్కడికే వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, నేనక్కడ ఉండగలనో లేదో నాకు తెలీదు. దసరా సెలవులకి వచ్చేసరికి వీడు మాత్రం ఉండాలి" అంది.

"నాదీ పూచీ తల్లీ" అన్నాడు భాస్కరరావు.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే ముందు శుభ్రం చెయ్యాలి కదా! తొట్టి వెనక ఫిల్టరు పెట్టె ఉంది. మోటారు తొట్టిలో నీళ్ళు లాగి దాంట్లోంచి పోనిచ్చి మళ్ళీ తొట్టిలోకే పోస్తుంది. షాపులో అమ్మే పింగాణీ రింగులు ఖరీదని తన్మయి ఆ పెట్టెలో అంట్లు తోమే ప్లాస్టిక్ పీచులూ, ఇంటి వెనక పడున్న పెంకుల ముక్కలూ నింపింది. భాస్కరరావు మూత తీసి "రామ రామ!" అన్నాడు. పీచులన్నీ గోధుమరంగు జిడ్డు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం "ఆ పెట్టె కడగవే, బద్ధకపు మొద్దూ" అని పోరుతూనే ఉన్నాడు. "రేపు నాన్నా" అనేది పిల్ల. మొత్తం చెత్తబండిలో పోసేసి, కొత్త పీచులు తెచ్చి, కుళాయి కింద తళతళలాడేలా కడిగి పెట్టాడు.

వారం తిరక్కుండా తొట్టి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. గోవిందు ఒక మూల చేరి పైకి మూతి పెట్టి నోరు తెరుస్తున్నాడు. మేత వేస్తే చూడను కూడా చూడలేదు. పీచు సరిగ్గా కడగలేదేమోనని భాస్కరరావు మళ్ళీ కడిగాడు. ఇంకా తెల్లబడ్డాయి.

చేపల షాపు నాంచారయ్యని అడిగాడు. "పీచు పనికిరాదు పంతులుగారూ, స్పాంజీ పెట్టండి" అన్నాడతను. స్పాంజీ పెట్టి రెండు పూటలా పిండాడు. అదే తంతు. యూట్యూబులో ఒకాయన స్పాంజీ శుద్ధ దండగ, ఇటుక ముక్కలు పెట్టమన్నాడు. ఇటుకలు కొట్టి, పసుపు నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ కుళాయి కింద కడిగి పెట్టాడు. ఇంకొకాయన పీచుని మించింది లేదని ఒట్టేసి చెప్పాడు. దాంతో కథ మొదటికొచ్చింది. గుడివాడలో బావమరిది శ్యామ్ సుందర్ పళ్ళ డాక్టరు. వాళ్ళ ఆసుపత్రి హాల్లో కూడా ఓ తొట్టి ఉంది. అతనికి ఫోన్ చేస్తే, "మేం ఫిల్టరు మూత తీసి ఏడాది దాటింది బావగారూ, చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు.

"ఆసుపత్రి పెట్టుకుని చెప్పాల్సిన మాటేనా అది!" అని ఫోన్ పెట్టేశాడు భాస్కరరావు. కడగనివాళ్ళ చేపలు గంతులేస్తుంటే కడిగేవాడి చేప మూలన పడుండటం ఏ శాస్త్రమో ఆయన బుర్రకి ఎక్కలేదు.

ఆదివారం హాస్టల్నించి ఫోన్ వచ్చేది. "గోవిందు తిన్నాడా నాన్నా?" అదే మొదటి మాట. "తిన్నాడమ్మా" అనేవాడు. అబద్ధం చెప్పాక చెయ్యి కడుక్కోబుద్ధేసేది కానీ దానికి ఏ కుళాయీ పనిచెయ్యదు.

ఇంతలో చంద్రగ్రహణం వచ్చింది. మర్నాడు పొద్దున్నే విడుపు స్నానం చేసి, భార్య ఉమామహేశ్వరి బిందెల్లో నీళ్ళన్నీ పారబోస్తోంది. భాస్కరరావు కూడా ఉత్సాహంగా ఫిల్టరు పెట్టె ఊడదీసి కుళాయి దగ్గర కూర్చున్నాడు. వంటింట్లో పెరుగు గిన్నె మాత్రం కదలకుండా ఉండటం కంటపడింది.

"అది పారబొయ్యలేదేం? నిన్నటిదే కదా."

"దర్భ వేసి ఉంచానండీ. అదీ పారబోసి గిన్నె కడిగేస్తే ఇవాళ పాలకి తోడెక్కణ్ణించి తేను? చెంచాడైనా మిగలాలిగా."

భాస్కరరావు చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. తోడు లేకపోతే పాలు పెరుగవ్వవు, విరుగుతాయి. మరి ఈ పెట్టెలో తను మిగల్చకుండా కడిగేసింది ఏమిటి? పూర్తిగా అర్థమైందని చెప్పలేం. కానీ కుళాయి కట్టేశాడు. సిగ్గు విడిచి శ్యామ్ సుందర్‌కి మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఆ జిడ్డులోనే ఉంటాయి బావగారూ, కంటికి కనపడని జీవులు. చేప వదిలిన విషాన్ని తినేది అవే. పీచైనా పెంకైనా అవి కాపురం ఉండే ఇల్లు, అంతే. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ మందు ఉంటుందిగా, కడిగితే చస్తాయి."

ఆ పూటే గుడివాడ బస్సెక్కాడు. ఆసుపత్రి ఫిల్టర్లోంచి జిడ్డోడుతున్న స్పాంజీ ముక్కలు, ఆ తొట్టి నీళ్ళతో సహా, స్టీలు క్యారేజీలో పోయించుకున్నాడు. ఎంగిలి గ్లాసు ఎడమచేత్తో కూడా తాకని మనిషి పెడన మీదుగా బందరు దాకా ఆ మురికిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు గోతిలో పడినప్పుడల్లా రెండు చేతులతో మూత అదిమిపట్టాడు. చేతికి నాలుగు చుక్కలు అంటినా తుడుచుకోలేదు.

ఆ స్పాంజీ ముక్కల్ని పీచుల మధ్య ఇరికించి, కుళాయి జోలికి పోకుండా, బావి నీళ్ళతో కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు మారుస్తూ వచ్చాడు. చెయ్యి దురదపెట్టినప్పుడల్లా పెరట్లోకి వెళ్ళి స్కూటరు కడుక్కున్నాడు. నీళ్ళు మెల్లగా తేటపడ్డాయి. ఒకరోజు గోవిందు మేత అందుకుంటే భాస్కరరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఆదివారం "తిన్నాడమ్మా!" అని ఎంత గట్టిగా అరిచాడంటే, అవతల తన్మయి హడలిపోయింది.

దసరా సెలవులకి వాన రోజున వచ్చింది పిల్ల. గుమ్మం పక్క బకెట్టు దాటేసి, బ్యాగు పారేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది. గోవిందు అద్దం దగ్గరికొచ్చాడు. కాసేపు చూసుకున్నాక ఆమె వెనక్కి వెళ్ళి ఫిల్టరు మూత తీసింది.

"అబ్బ, ఎంత జిడ్డో! కడగనా నాన్నా?"

"కడక్కు! ముట్టుకోకు!" అని అడ్డంపడి, తనేదో కనిపెట్టినట్టు తోడు సంగతి నుంచి బస్సు ప్రయాణం దాకా అంతా వివరించాడు.

తన్మయి విని తల గోక్కుంది. "నేనూ ఎప్పుడూ కడగలేదు కదా నాన్నా."

"అయితే నీకు ముందే తెలుసా?"

"తెలీదు. బద్ధకం."

భాస్కరరావు మనసులో లెక్క వేసుకున్నాడు. రెండేళ్ళు ఆ చేపని బతికించింది బద్ధకం. మూడు నెలలు చంపబోయింది తన శుభ్రం. ఇప్పుడు పిల్లని మెచ్చుకోవాలా, తిట్టాలా? తిట్టడమే కొంత అలవాటున్న పని కాబట్టి కిందికి చూశాడు. గుమ్మం నుంచి తొట్టి దాకా, కడిగిన గచ్చు మీద వరసగా బురద పాదాలు.

ఉమామహేశ్వరి ఆయన మొహం చూసి గబగబా తడిగుడ్డ తెచ్చింది.

"ఈ పూటకి ఉండనీ ఉమా" అన్నాడు భాస్కరరావు.