సముద్రానికి వాత

మామిడికుదురులో మా పక్కింటి కాంతంగారు బహ్రెయిన్ రాజధాని మనామాలో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి వచ్చారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు బంగారం గురించి చెబుతారు. ఈవిడ మాత్రం ఎప్పుడూ ఆ ఊరి గురించే.

"అదో చిత్రమైన ఊరు బాబూ. ఊరి ద్వారం దగ్గరే సముద్రం ఉండేదంట. ద్వారం అక్కడే ఉంది, నీళ్లే లేవు. పూడ్చేసి రోడ్లేసేరు, మేడలు కట్టేరు. ఉప్పువాసన మాత్రం సందుల్లోకి వస్తానే ఉంటది."

తెల్లారితే రొట్టెల పొయ్యి ముందు జనం, సాయంత్రానికి ప్రతి గుమ్మంలో సాంబ్రాణి పొగ, ఎవరూ అదిలించని పిల్లులు. ఆవిడ చెబుతుంటే నా ఆటో కూడా ఆ సందుల్లో తిరిగినట్టుండేది.

తన తమ్ముడు నాగసతీష్‌కి అక్కడ వీసా చూసింది ఆవిడే. పూడ్చడానికి సముద్రం అడుగునుంచి ఇసుక తోడే ఓడలో పని. ఒక గాలిరోజున ఓడమీంచి పడిపోయాడు. శవం దొరకలేదు.

ఆవిడ పనిచేసే ఇంటి ముసలమ్మగారి తండ్రి ముత్యాల కోసం మునిగేవాడట. మగవాళ్లు తిరిగి రాకపోతే ఆడవాళ్లు ఒడ్డుకెళ్లి సముద్రాన్ని తిట్టి, మండుతున్న ఖర్జూరం మట్టతో దానికి వాత పెట్టేవారట. ముసలమ్మగారు అలాంటి మట్టొకటి పట్టుకుని, కాంతంగారిని కారెక్కించుకుని బయల్దేరారు. మేడలన్నీ దాటాక నీళ్లు కనబడ్డాయి గానీ ఒడ్డుకి బదులు బండరాళ్ల గట్టు. మట్ట నీళ్లకి అందలేదు.

కాంతంగారు ఇంటికొచ్చేశారు. సతీష్ కూడా వచ్చాడు, కలలోకి. ఒళ్లంతా తడిసి గుమ్మంలో నిలబడి, "అక్కా, తువ్వాలియ్యి" అంటాడట. కర్మ చేయిస్తే వాడు శాంతిస్తాడని ఆవిడ నమ్మకం. శవం బదులు దర్భబొమ్మతో కానిచ్చేయమని చుట్టాలూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. పరాయి ఆడదాని బొట్టు మీద ఉన్న శ్రద్ధ వీళ్లకి ఇంకే దానిమీదా ఉండదు, ఒళ్లు మండుతుంది నాకు. సతీష్ భార్య సత్యదుర్గ ఏడాదిపాటు ఒప్పుకోలేదు.

చివరికి సత్యదుర్గే అడిగింది. "అక్కడ అందలేదు కదండీ వదినగారూ. ఇక్కడ అందుద్ది. ఒక్కసారి సముద్రాన్ని అడుగుదాం. అప్పుడూ రాకపోతే మీరన్నట్టే చేద్దాం."

"ఆయ్, అలాగేనమ్మా," అన్నారు కాంతంగారు.

ఓడలరేవు ఊరి సముద్రపొడ్డుకి నా ఆటోలోనే తీసుకెళ్లాను. ఎండు కొబ్బరిమట్టలు రెండు తెచ్చుకున్నారు. సత్యదుర్గ ఒకటి వెలిగించి మోకాల్లోతు నీళ్లలోకి నడిచింది. "ఇచ్చెయ్యి! మా ఆయన్ని ఇచ్చెయ్యి!" అని అరుస్తూ అలని వాతపెట్టినట్టు కొట్టింది. చుయ్యిమని ఆరిపోయింది. అల మట్టని లాక్కుపోయింది, కాసేపటికి తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గరే పడేసింది.

సత్యదుర్గ ఆ నల్లటి మట్టని చాలాసేపు చూసింది. ఒడ్డుకొచ్చి చీర కుచ్చిళ్లు పిండుకుంది.

"ఇంక రారండి. పంతులుగారితో మాట్లాడండి వదినగారూ."

ఆ మాట కోసమే ఏడాదిగా కాళ్లావేళ్లా పడ్డ మనిషి కాంతంగారు. కదల్లేదు. సముద్రం వైపే చూస్తూ నా ముందు చెయ్యి చాపారు.

"అగ్గిపెట్టి ఇలా ఇయ్యి బాబూ. ఇంకో మట్టుంది కదా."