పార్లమెంటు గ్యాలరీల బావ పక్కన కూసున్న రోజు

మన రాష్ట్రం బిల్లు ఏ ఇంట్ల పెడ్తరో, ఆ ఇల్లు ఒక్కపారన్న చూడాలెనని ఉద్యమం రోజులల్ల నాకు పట్టుకున్నది. ధర్నాకు ఢిల్లీ పోతున్నమంటే మానుకోట దిక్కు లీడరు ఒకాయన ఇద్దరికి సభ చూసే పాసులు ఇప్పిచ్చిండు. పాలకుర్తి నుంచి జనగామకు ఆటో ఇరవై, ఆడికెల్లి కాజీపేటకు పాసింజరు, కాజీపేటల ఢిల్లీ రైలు, స్లీపరు నాలుగు వందల చిల్లర, ఒక పగలు ఒక రాత్రి. భూపాలపల్లి బొగ్గుబాయిల పనిజేసే మా బావ ఐలయ్య కాజీపేటల కలిసిండు. ఆయన మీద రైలురోకో కేసు ఒకటున్నది. ఇంకోటి పడితే నౌకరి పోతదని ఆఫీసుల గట్టిగనే చెప్పిండ్రట.

గప్పుడు మా దిక్కు నమస్తే బంద్. ఎవలు చేతులు జోడిచ్చినా "జై తెలంగాణ" అనుడే. రైల్ల బావను ఆట పట్టిచ్చిన.

"సభల స్పీకరు వచ్చి అందరికి దండం పెడ్తరట బావ. నువ్వు అలవాటుకొద్ది జై అంటవు. సీదా జైలుకే."

"నోరు ముయ్యి బామ్మర్ది," అన్నడు గని, ఆగ్రా దాటినా ఆయనకు బువ్వ దిగలే.

పొద్దుగాల స్టేషన్ల ఆటో ఎక్కినం, యాభై రూపాయలు. "జేబులు ఖాళీ చేసుకోన్రి, బీడీ గూడ పోనియ్యరు," అని డ్రైవరు హిందీల చెప్పిండు. నిజమే. ఫోను, బీడికట్ట, పెన్ను గూడ పెట్టిచ్చుకుండ్రు. మూడు చోట్ల తడిమిండ్రు. గుండ్రటి బంగ్ల, సుట్టూత నూట నలభై నాలుగు కంబాలు, చూస్తాంటే మెడ నొచ్చింది. గ్యాలరీల కాలు మీద కాలు ఏసుకోవద్దు, ముందుకు వంగొద్దు, సప్పుడు చెయ్యొద్దు. కింద పచ్చటి తివాచి.

పదకొండు కాంగనె అందరు లేసిండ్రు. స్పీకరు వచ్చి దండం పెట్టిండ్రు. బావ పెదవులు కదిలినయ్. నా పానం పోయింది. గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టిన.

"జై తెలంగాణ" అన్నది నేను.

కాపలా ఉన్న సఫారీ డ్రెస్సాయన నా భుజం పట్టి బయటికి తీస్కపోయిండు. గుండ్రటి వరండ. ఎంత నడిచినా మూల రాదు, ఎక్కడిదాక వచ్చినమో తెల్వదు. కంబం ఎనుక కంబం. ఎనుక చెప్పుల సప్పుడైతె చూసిన, బావ. కన్ను గీటి పొమ్మన్న. పోలే.

"సాథ్ మే కౌన్ హై?" అనడిగిండు సఫారీ ఆయన.

"ఎవల్లేరు సార్, అకేలా."

"నేనున్న సార్," అన్నడు బావ.

ఇద్దరి పాసులు తీస్కుండు. ఆయన వేలు బావ పేరు మీద చానసేపు ఆగింది. నేను బావ మొఖం దిక్కు చూడలే. ఆఖరికి పాసులు జేబుల పెట్టుకొని, మల్ల కనపడొద్దని గేటు దాక తోలిండు.

"నౌకరి యాదికి లేదా బావ, ఎందుకొచ్చినవ్?"

"నిన్ను ఇడిసి పోతే మీ అక్క నన్ను ఇంట్ల రానిస్తదా?" అన్నడు. గేటు కాడ కట్ట వాపసు తీస్కున్నంక బీడి ముట్టియ్యనీకి మాత్రం ఆయనకు మూడు పుల్లలు పట్టినయ్.

ఊర్ల అందరిని బెదిరిచ్చి నవ్వేటోన్ని. నా నోటి దురదకు ఇంకొకని కూడు పోతదంటే ఎట్లుంటదో గా వరండల తెలిసింది. ఇంటికొచ్చినంక గూడ పోస్టుమాన్ సైకిలు ఆగితే అక్క కాడికెల్లి ఉత్తరమేమోనని ఉరికేటోన్ని. నెలలు గడిచినా బావకు ఏ కాయిదం రాలే. పోయేటోళ్లకు ఒక్క మాట: పాసుకు ముందుగాలనే అర్జీ పెట్టుకోన్రి, కేసులున్నోని పక్కన నా అసొంటోన్ని కూసోవెట్టకున్రి.