మూడో రాజు చచ్చే పద్యం

మా కోలారు జిల్లాలో పౌరాణిక నాటకం ఎలా వేస్తారో తెలియనివాళ్ళకు ముందు ఒక సంగతి చెప్పాలి. మాకు ఒక నాటకానికి ఒక రాజు చాలడు. ఊళ్ళో రాజు వేషం కట్టాలన్న ఆశ ముగ్గురికి ఉంటే ముగ్గురూ కడతారు. మొదట ఒకటో రాజు వస్తాడు, నడుమ రెండో రాజు వస్తాడు, చివరికి మూడో రాజు వచ్చి చస్తాడు. ముగ్గురూ ఒకే రాజు. తెర పడి లేచేసరికి రాజు రంగు మారుతుంది, పొడవు మారుతుంది, ఒకసారి మా రాజుకు నడి అంకంలో కుంటు వచ్చి చివరి అంకానికి నయమైపోయింది. జనం ఏమీ అనుకోరు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ముఖం ఒకడిది, గొంతు ఒకడిది, కొట్లాట ఇంకొకడిది తెచ్చి అతికించి ఒక్క హీరో అని చూపించే సినిమాకు చప్పట్లు కొట్టేవాళ్ళకు మమ్మల్ని చూసి నవ్వే హక్కు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను నలభై ఏళ్ళు రెండో రాజుని.

రెండో రాజుకు ఏముంటుందో చెప్తాను. సింహాసనం మీద కూర్చోవడం, మంత్రిని కోప్పడడం, బారెడు వచనం, ఒక చిన్న పద్యం. ఒకటో రాజుకు హారతి ఉంది, గజ్జెల చప్పుడు ఉంది. మూడో రాజుకు చావు ఉంది. బాణం తగిలి నేలకొరిగి నాలుగు పాదాల పద్యం రాగం తీసి పాడి ప్రాణం విడుస్తాడు. ఊరు ఊరంతా కాచుకుని కూర్చునేది దానికోసమే. రెండో రాజు వచ్చినప్పుడు జనం బోండాలకు లేచిపోతారు. ఆ చచ్చే పద్యం నాలుగు పాదాలూ జనం ముందు, నా ముఖంతో, నా గొంతుతో ఒక్కసారి పాడాలన్నది నా ఆశ. ఇది చిన్న ఆశ అనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

చదువా అంటే, మూడో తరగతి దాకా కన్నడ బడి. తెలుగు పద్యాలన్నీ కన్నడ అక్షరాల్లో రాసుకుని నేర్చినవాణ్ణి. తెలుగు అక్షరాలు తరువాత బస్సు బోర్డులు చూసి, అంగళ్ళలో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి నేనే నేర్చుకున్నాను. సంగీతం నేర్పింది బంగారు గని. భూమి లోపల గాలి కోసం పెట్టిన పెద్ద పంకా రోజంతా ఒకే శ్రుతిలో హోరుమనేది. దానికి గొంతు కలిపి పాడేవాణ్ణి. ఆ వేడిలో, ఆ పలచటి గాలిలో ఒక పాదం ఒక్క ఊపిరిలో పాడగలిగినవాడు బయట రెండు పాదాలు పాడగలడు. కావాలంటే పోయి పాడి చూడండి అందామంటే, ఆ గని ఇప్పుడు నీళ్ళతో నిండి ఉంది. మా గుంపు మేస్త్రీ తమిళుడు. ఒకసారి రాయి పేల్చడానికి మందు పెట్టి వచ్చి, "రాజా, పాట్టు పోదుం, వెడి వెచ్చాచు" అన్నాడు. పాట చాలు, మందు పెట్టేశాం అని. రాగం నడుమ ఉన్నాను, పాదం ముగించే వచ్చాను. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నాటకం నేర్పే హార్మోనియం మేష్ట్రు దగ్గరికి పోయి మూడో రాజు వేషం అడిగాను. ఆయన నన్ను పాడించి, లేచి నిలబడమని, చుట్టూ తిరిగి చూశాడు.

"గొంతు మూడో రాజుదే అప్పా. ఒళ్ళు యాడుండాది? నువ్వు పడితే నువ్వు పడినావో, నీకు తగిలిన బాణం పడిందో జనానికి తెలియదు."

మూడో రాజు వేషం గని పక్కనే ఉన్న మా ఆండర్సన్‌పేటలో ధాన్యం అంగడి పెట్టుకున్న సాహుకారుకు పోయింది. ఆయన పడితే నిజంగానే రాజు పడినట్టుండేది. పలకలు అదిరేవి, దుమ్ము లేచేది, ఆడవాళ్ళు కొంగులు నోటికి పెట్టుకునేవారు. కాదనను. అయితే ఆయనకు ఊపిరి చాలదు. మూడో పాదం సగంలో ఆగి, గుటక వేసి, తల వాల్చేసేవాడు. నాలుగో పాదం నలభై ఏళ్ళుగా ఆయన కడుపులోనే ఉండిపోయింది. మా తాలూకా జనం ఆ పద్యానికి రెండున్నర పాదాలే అనుకుంటూ పెద్దవాళ్ళయ్యారు. తెర వెనక నిలబడి, ఆ మిగిలినది నాలో నేనే పాడుకుని ఇంటికి పోయేవాణ్ణి.

గని మూసేశాక సినిమావాళ్ళు రావడం మొదలైంది. గనిలోంచి తీసి పోసిన మట్టి దిబ్బలు వాళ్ళకు ఎడారిలాగా, ఇంకో లోకంలాగా కనబడతాయట. మాకు గాలి కొట్టినప్పుడు అన్నంలో పడే మట్టిలాగా కనబడతాయి. నేను నటుణ్ణని తెలిసి నన్నూ పిలిచారు. నాలుగు సినిమాల్లో శవాన్ని. రెండింటిలో గుంపుని. ఒకదాంట్లో మాత్రం, "అయ్యా, వాడు ఇటే పోయినాడు. నేను చూసినాను" అని రెండు మాటలు ఇచ్చారు. తెర మీద చూసేసరికి నా నోట్లోంచి ఎవరో గోదావరి ఒడ్డు మనిషి మాట్లాడుతున్నాడు. నా పెదవులు కదులుతున్నాయి, అతను పలుకుతున్నాడు. ఆ వయసులో ఒంట్లో వేరే ఆత్మ దూరినట్టయింది. పక్కన కూర్చున్న నా భార్య చాలాసేపు ఆలోచించి, "ఈ గొంతే బాగుండాది కదా" అంది.

ఆనాటి నుంచి ఎవరు దొరికితే వాళ్ళతో వాదించాను. ఒకడి ముఖానికి ఇంకొకడి గొంతు పెట్టడం దొంగతనమని పత్రికలకు ఉత్తరాలు రాశాను. వెయ్యలేదు. కన్నడంలో రాశాను. దాన్నీ వెయ్యలేదు.

ఈ మధ్యనే ఇంకో సినిమావాళ్ళు వచ్చారు. వాళ్ళ కథలో ఒక పల్లె నాటకం ఉంది, అందులో రాజు చస్తూ పద్యం పాడాలి. సహాయ దర్శకుడు, నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడు చూసినా అన్నం తిననట్టే ఉండేవాడు, ఆండర్సన్‌పేటలో మా నాటక సంఘం గదికి వచ్చాడు. నేను నాలుగు పాదాలూ పాడాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి, "అద్భుతం సార్" అన్నాడు. తరువాత కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చూపు మెల్లగా నన్ను దాటి, గుమ్మంలో నిలబడి చెనిక్కాయలు తింటున్న సాహుకారు మీద నిలిచింది.

"ఆయన ఎవరండీ?"

చిత్రీకరణ రోజు నేనూ పోయాను. పిలవలేదు, పోయాను. మట్టి దిబ్బ కింద వేదిక కట్టి, సాహుకారుకు బాణం గుచ్చారు. ఆయన డెబ్బై నాలుగేళ్ళ ఊపిరితో మొదటి పాదం పాడేసరికి మధ్యాహ్నం భోజనం వేళయింది. దర్శకుడు, నోరు కదిలిస్తే చాలు, గొంతు తరువాత హైదరాబాదులో పెడతామన్నాడు. సాహుకారు అలవాటు ప్రకారం మూడో పాదం సగం దాకా నోరు కదిలించి, గుటక వేసి, చచ్చాడు. చావు ఒక్క దెబ్బకే బాగా వచ్చింది.

"నాలుగో పాదం ఏమైంది?" అన్నాను సహాయ దర్శకుడితో.

"ఇంకోటి ఉందా సార్?"

ఈ దేశంలో కళ ఎందుకు ఇలా ఉందో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసిపోతుంది.

నెల తరువాత అదే మనిషి ఫోన్ చేశాడు. హైదరాబాదు గాయకుడు పాడితే రాజు చస్తున్నట్టు లేదట, దేవుడికి హారతి ఇస్తున్నట్టుందట. ఆ రోజు తను కళ్ళు మూసుకుని విన్న గొంతే కావాలని దర్శకుడికి చెప్పాడట. బెంగళూరు వచ్చి సాహుకారు ముఖానికి పాడి పొమ్మన్నాడు. ఏ దొంగతనం గురించి ఇన్ని ఉత్తరాలు రాశానో దానికి నన్నే రమ్మంటున్నాడు. కుదరదన్నాను. ఫోన్ పెట్టేసేసరికి నా భార్య వంటింటి గడప మీద నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళూ నీ ముఖానికి వేరే గొంతు పెట్టిరని ఏడిస్తివి. ఇప్పుడు నీ గొంతుకి వేరే ముఖం పెడతామంటే దానికీ ఏడుస్తావు. ముఖం పోతే పోనీ. దాన్ని ఎవురు చూడాల?"

"నాలుగో పాదం వాళ్ళకి తెలియనే తెలియదే."

"అయితే పోయి తెలిపించు. ఈడ నాకు తెలిపించి తెలిపించి నా చెవులు బేజారైపాయ."

కోలారులో టొమాటో బండ్ల నడుమ గంటసేపు ఇరుక్కున్న బస్సులో బెంగళూరు పోయాను. ఒక చిన్న గదిలో పెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. ఎదురుగా తెర మీద సాహుకారు నోరు. నలభై ఏళ్ళు ఆయన పక్కనే వేషం కట్టాను కానీ ఆ నోటిని అంత దగ్గరగా చూసింది అప్పుడే. రెండు పాదాలు ఎలాగో ఆ నోట్లో సర్దాను. మూడో పాదం సగంలో ఆయన గుటక వేశాడు. నేను ఆపలేదు.

అద్దం అవతల నుంచి గొంతు వినిపించింది. "ఆయన నోరు మూసేశారు సార్. మీరు పాడుతూనే ఉన్నారు."

"ఆయన నలభై ఏళ్ళుగా ఆడనే మూస్తా ఉండాడు. పద్యం మూసేది ఆడ కాదు."

"ఆయన చచ్చిపోయారు సార్."

"చావనీ. పాదాలు నాలుగు. రాజు చచ్చినా నాలుగే."

పదమూడు సార్లు పాడించారు. పదమూడు సార్లూ నాలుగో పాదం పాడాను. సహాయ దర్శకుడు వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, తనకు పెళ్ళాం పిల్లలు ఉన్నారని చెప్పాడు. నాకూ ఉన్నారన్నాను. చివరికి, సరే సార్, ఆ చోట ఆకాశం చూపిస్తాం, మీ ఇష్టం వచ్చినట్టు పాడండి అన్నాడు. అప్పుడు పాడాను చూడండి.

సినిమా మా ఊరి థియేటర్‌కు వచ్చేలోపు, పాడింది సాహుకారే అని ఆండర్సన్‌పేట అంతా నమ్మేసింది. ఆయన పాడానని చెప్పలేదు, పాడలేదనీ చెప్పలేదు. రాగులు తూస్తూ కూనిరాగం తీసేవాడు. ఎవరైనా అడిగితే తలకాయ ఒక పక్కకు వాల్చి నవ్వేవాడు. నేను ఆ వీధిలో సరుకులు కొనడం మానేశాను.

మొదటి రోజు పొద్దుటి ఆటకు నాటక సంఘం మొత్తం పోయాం. సాహుకారు నా ముందు వరుసలో కూర్చున్నాడు. తెర మీద బాణం తగిలింది, రాజు పడ్డాడు, నా గొంతు ఆయన నోట్లోంచి వచ్చింది. మూడో పాదం సగంలో నోరు మూతపడింది, తల వాలింది. ఆకాశం చూపిస్తామన్నవాళ్ళు చూపించలేదు. మరిచిపోయారో, విసుగొచ్చి వదిలేశారో. రాజు శుభ్రంగా చచ్చి, నోరు గట్టిగా మూసుకుని పడుకుని ఉన్నాడు. పద్యం మాత్రం ఆయన మీద ఒకటిన్నర పాదం దూరం, రాగంతో సహా, నడుస్తూనే ఉంది.  వెనక బెంచీలోంచి ఎవరో నెమ్మదిగా అన్నారు.

"సాహుకారు చచ్చిపాయ. గొంతు ఇంగా చావలేదే."

అందరూ నవ్వడం మొదలుపెట్టారు. నాకు నా నాలుగో పాదం వినబడలేదు. అప్పుడు సాహుకారు చీకట్లో లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. తెర వెలుతురు ఆ పెద్ద ఒంటి చుట్టూ పడుతోంది.

"సుమ్మనుండండప్పా, నవ్వొద్దండి. పాడింది ఆయప్ప," అని నావైపు చెయ్యి చూపించాడు. "నేను ఊరికే చచ్చినాను, అంతే."

ఆ మాటతో కథ ముగిసిందనుకున్నాను. కాలేదు. రాయల్పాడు పాల సంఘంవాళ్ళు కొత్త కట్టడం తెరవడానికి ఆ ఒక్క సీను పట్టపగలే వేయమని వచ్చారు. ఎట్లా వేయాలయ్యా అంటే, సినిమాలో మాదిరే అన్నారు. సాహుకారు చావాలి, నేను తెర వెనక నుంచి పాడాలి. జనానికి అదే నచ్చిందట. తప్పు జరిగిన చోటే సరిగ్గా వాళ్ళకు నచ్చింది.

"తెర వెనక పాడను. వేషం కట్టి తెర ముందు నిలబడి పాడతాను," అన్నాను.

"ఒక రాజుకి ఇద్దరు ఒకేసారి నిలబడితే ఎట్లప్పా? జనం తికమక పడరా?"

సాహుకారే అడ్డం వచ్చాడు. "ఆయప్ప నిలబడతాడు. నేను ఎట్లాగూ పడుకోనుంటాను గదా. కలిసిపోరు."

అలా ఆ రోజు పాల క్యాన్ల ముందు, మామిడాకుల తోరణం కింద, ఒకే రాజు ఇద్దరుగా వచ్చాడు. ఒకడికి బాణం తగిలింది, పలకలు అదిరేలా పడ్డాడు. రెండోవాడు, అదే పట్టు అంగీ, అదే మీసం, అదే కిరీటం, పడినవాడి తల దగ్గర నిలబడి నోరు తెరిచాడు. నా ముఖం మీద ఎండ పడుతోంది. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు. ఎవరూ బోండాలకు లేవలేదు. ఒకటో పాదం, రెండో పాదం, మూడో పాదం పూర్తిగా. రాగం తీస్తున్నాను, కింద నుంచి సాహుకారు పెదవులు కదపకుండా అన్నాడు.

"చీమలు ఎక్కుతా ఉండాయప్పా. ముగించు."

"ఇంగా ఒక పాదం ఉండాది."

"రాగం తగ్గించుకో."

"చచ్చినోడివి, నీకు చీమలతో ఏం పని?"

నాలుగో పాదం పాడాను. ఎంతసేపు పాడానో నాకు తెలియదు.  ముగించేసరికి వెనక వరుసలోంచి ఒకాయన, "ఇంకోసారి పాడప్పా," అన్నాడు. ఆ వెంటనే నలుగురైదుగురు, తరువాత అందరూ అడిగారు.

చచ్చిన రాజు పడుకున్నచోటే చెయ్యెత్తి, వద్దు వద్దని ఊపాడు. నేను మొదటి పాదం ఎత్తుకున్నాను.