హాలు దాటి వెళ్ళిన ట్రంపెట్

విశాఖపట్నంలో జాజ్ బిగ్ బ్యాండ్ కచేరీని మొట్టమొదట రికార్డు చేసింది నేనే. అరవై మంది వాయించారు, ఆరు మైకులు పెట్టాను, హాలు పట్టక జనం రోడ్డు మీద నిలబడ్డారు. ఈ మాట చాలామందికి చెప్పాను కాబట్టి ఇప్పుడు సరిచేస్తాను. బ్యాండులో ఉన్నది పదహారు మంది. వాళ్ళలో ఇద్దరు ఏదో పెళ్ళిలో వాయించడానికి ఒప్పుకుని ఆ సాయంత్రం ఎగ్గొట్టారు. మైకు ఒక్కటే, పాస్టరు గారు ప్రసంగం చేసేది. రోడ్డు మీది జనం బస్సు కోసం నిలబడ్డారు. మొట్టమొదట అన్న మాటను ఇంతవరకూ ఎవరూ కాదనలేదు గనక అలాగే ఉంచుతున్నాను.

తొంభైల చివర్లో సంగతి. నేను స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్ని. నా భార్యకు అన్న, అంటే మా బావ, పోర్టులో క్రేను నడిపేవాడు. సెలవు దొరికితే పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. ఆదివారం చర్చిలోనూ అదే ట్రంపెట్. నేవీ బ్యాండులో చేసి రిటైరైన ఒక మాస్టారు వన్‌టౌన్‌లో ఉండేవారు. ఆయన పెళ్ళి బ్యాండ్ల నుంచి, చర్చిల నుంచి మనుషుల్ని ఏరి శాక్సఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, డ్రమ్ములు పోగేశారు. ఆ సంగీతం ఎలా ఉంటుందో నాకు బావే చెప్పాడు.

"అందరూ కాయితం సూసి వాయిస్తారు బావా. మజ్జిలో ఒకడు లెగుస్తాడు. ఆడికి కాయితం ఉండదు. మనసుకి ఏటి తోస్తే అది ఊదుకోవడమే. మిగతావోలు కింద పట్టు వదలకుండా కాస్తారు."

ఆ లేచే ఒకడు మా బావే. కచేరీ శనివారం. సోమవారం పొద్దున్న ఆయనకు పైవరస ముందుపళ్ళు నాలుగూ తీసెయ్యాలి. చిగుళ్ళు చెడి అవి ఊగిపోతున్నాయి. డాక్టరును బతిమాలి అప్పటికే రెండుసార్లు వాయిదా వేయించుకున్నాడు. ట్రంపెట్ ఊదేవాడి పెదవికి ఆ పళ్ళే ఆనిక. కట్టుడుపళ్ళతో ఊదొచ్చని అనేవాళ్ళున్నారు గానీ, అలా ఊదినవాణ్ణి చూశామని ఎవరూ అనలేదు.

"ముప్పై ఏళ్ళు ఊదినాను. నా ఊదుడు ఒక్క క్యాసెట్లోనూ నేదు," అన్నాడు ఒకరోజు మా వరండాలో కూర్చుని. "పెళ్ళి వీడియోల్లో నా మొకం ఉంటాది గానీ దాని మీద సినిమా పాట అతికించేస్తారు. ఈ ఒక్కటీ పట్టు బావా. తరవాత ఈ పళ్ళు ఎటు పోతే అటు పోనీ."

"నువ్వు ఊదు. మిగతాది నాకొదిలెయ్," అన్నాను.

రికార్డింగు గురించి అప్పటికి నాకు తెలిసింది రెండు బటన్లు కలిపి నొక్కాలని. నా భార్య ఊరుకోలేదు.

"అన్నయ్యా, ఈయన యాంటెన్నా తిప్పితే వచ్చే చానలు కూడా పోతాది. ఇంకెవరికైనా సెప్పుకో."

ఆయన నవ్వాడు. నన్నే నమ్మాడు.

చర్చి పక్క హాల్లో ఆరింటికి మొదలైంది. ముందు బెంచీ మీద మా ఇంటి టేపురికార్డరు, అడిగి తెచ్చుకున్న హెడ్‌ఫోన్లు, వేదిక అంచున మైకు. మాస్టారి చెయ్యి కిందికి దిగిందో లేదో ఆ ఇత్తడంతా ఒక్కసారి పలికింది. బెంచీ వణికింది, దాంతోపాటు నేనూ. మూడో పాటలో బావ లేచాడు. మొదటి నాలుగు ఊపిర్లు మెత్తగా ఊదాడు. వెనకనుంచి చప్పట్లు లేచాయి, ఎవరో ఈల వేశారు.

పెళ్ళి ఊరేగింపులో ట్రంపెట్ అందరికంటే ముందు నడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆయనకు లేచి ఊదడమంటే నడిచి ఊదడమే. రిహార్సళ్ళలో ఈలలు లేవు గనక కాళ్ళకు ఆ సంగతి గుర్తు రాలేదు. ఇప్పుడు వచ్చింది. మెట్లు దిగాడు, బెంచీల మధ్య నడిచాడు, పక్క తలుపులోంచి రోడ్డెక్కేశాడు. ఊదుతూనే! మాస్టారు మాత్రం ఏం చేస్తారు? మనిషి ఎక్కడున్నాడో వినపడాలని మిగతావాళ్ళను బాగా తగ్గించి, వాయించిన వరసే మళ్ళీ మళ్ళీ తిప్పించారు.

ఇక్కడ నేను మైకు చేత్తో పట్టుకుని, తీగ అందినంత మేరా ఆయన వెంట పరుగెత్తానని చెబుతుంటాను. వినేవాళ్ళను బట్టి తీగ పొడవు పెంచుతుంటాను. నిజానికి నేను కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాను. చెవుల్లో ట్రంపెట్ సన్నబడింది. మిషను నీరసపడిందనుకుని శబ్దం పెంచే నాబు తిప్పాను. ఇంకా సన్నబడింది, ఇంకా తిప్పాను. ఇక తిప్పడానికి ఏమీ మిగలనప్పుడు ఆయన తిరిగొచ్చి, మైకుకు రెండడుగుల్లో నిలబడి, తన జన్మలో ఎన్నడూ ఎక్కనంత పైకి ఎక్కాడు. హాలంతా లేచి నిలబడింది. నేను హెడ్‌ఫోన్లు విసిరేసి చెవులు పట్టుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక బావ మా ఇంటికి వచ్చాడు. క్యాసెట్టు పెట్టేముందే, "ఈ క్యాసెట్టు మంచి సరుకు కాదు బావా, అమ్మిన కొట్టువోడు మోసం సేసినాడు," అని నాంది పలికాను. నేను భయపడ్డట్టే అయింది. ఆ పై స్వరం రేకు మీద మేకుతో గీకినట్టు వచ్చింది.

"ఎనక్కి తిప్పు," అన్నాడు బావ. "అది కాదు. దానికి ముందుది."

దానికి ముందు ఫ్యాన్ల హోరు. ఎవరిదో దగ్గు. ఆటో హారను. "సబ్బవరం, సబ్బవరం" అని బస్సు కండక్టరు కేక. హార్బరులో ఓడ కూత. వీటన్నిటి అడుగున, ఎక్కడో చిన్నగా, ట్రంపెట్.

"ఇది నానేనా?"

"నువ్వే. రోడ్డు మీద తిరుగుతన్నావు."

"పక్క ఈదిలోంచి బ్యాండు వత్తంటే ఇలాగుంటాదా?" అన్నాడు మెల్లగా. "నాకు తెలవనే తెలవదు బావా. నానెప్పుడూ దాని లోపలే ఉన్నాను గదా."

"మరి మేమంతా వంటలు వదిలేసి వీధిలోకి పరిగెట్టేది దేనికనుకున్నావు అన్నయ్యా?" అంది నా భార్య.

చేపల పులుసు చల్లారిపోయింది. ఆయన ఆ కాస్తా ఎన్నిసార్లు విన్నాడో. పై స్వరం పాడైపోయిందని నేను గొణిగితే, "అదెలాగొచ్చిందో నా దవడకి తెలుసు. నాకది టేపులో అక్కర్నేదు," అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే, "కానీ ఆ కొట్టువోణ్ణి వదల్ను. రేపు పళ్ళపని అయిపోనాక ఇద్దరం ఎల్లి అడుగుదాం," అన్నాడు.

సోమవారం స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మూతి వాచి, నోటినిండా దూదితో బయటికొచ్చాడు. గంటసేపు నోరు విప్పకూడదని డాక్టరు చెప్పాడు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనిపించింది.

"బావా, కొట్టువోడి తప్పేటీ నేదు. కళ్ళు మూసుకుని నాబు తిప్పింది నానే," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టడానికి వీల్లేదు. అందుకని చెవి పట్టుకున్నాడు. అలా పట్టుకునే రెండంతస్తుల మెట్లూ దింపాడు. ఎదురొచ్చిన నర్సమ్మ పక్కకు తప్పుకుని దారిచ్చింది. స్కూటరు దగ్గర వదిలి వెనక ఎక్కాడు. వాళ్ళింటి వైపు తిప్పబోతే భుజం మీద ఒకటిచ్చి, మా ఇంటి దారి చూపించాడు. క్యాసెట్టు అక్కడే ఉంది.