బాపు ఏస్కున్న ఎర్ర కోటు

ఆ రోజుల్ల సెలవులనేటివి స్కూలుకే ఉంటుండె, మా ఇంటికి కాదు. అమీర్‌పేట సందుల మా బాపుది టైలర్ దుకాణం. దసరా అయిపోతే క్రిస్మస్, క్రిస్మస్ అయిపోతే పెండ్లిళ్లు. బాపు కాలు మెషిన్ మీదికెళ్లి దిగితే ఒట్టు. (నేను ఇంటర్‌కు వచ్చేదాంక సరదాకని ట్యాంక్‌బండ్ దాటి పోలేదంటే ఇప్పటి పోరగాండ్లు నమ్మరు.) గసొంటి మనిషిని అమ్మ, నేను, తమ్ముడు కలిసి ఓ క్రిస్మస్ సెలవులల్ల అడవి పార్కుకు తీస్కపోయినం. వికారాబాద్ దిక్కు, చెట్ల నడుమ కట్టెలతోని కట్టిన గుడిసెలు, ముంగట చిన్న అరుగు. ఒప్పియ్యనీకే మా గొంతులు బొంగురుపోయినయ్. ఆఖరికి బాపు ఏమన్నడంటే, "క్రిస్మస్ బట్టలన్నీ ఇచ్చేసినంక వస్త. మంచిగ అనిపియ్యకపోతె మాత్రం ఇగ జన్మల టూరు మాట ఎత్తొద్దు." బాపు మాటంటే మాటే. అంటే అక్కడ బాపు నవ్వాలె, లేకుంటే మా బతుకు ఎప్పటికీ గా సందులనే.

మా ఇంటి రివాజు ఒకటి ముందుగాల చెప్పాలె. కత్తిరించంగ మిగిలిన ముక్కలన్నీ అతికి బాపు సంచులు కుడుతుండె. కుట్టిచ్చుకునే గిరాకీల బట్టలు గా సంచులల్లనే, మా కూరగాయలు గా సంచులల్లనే, మా స్వెటర్లు సుత గా సంచులల్లనే. అన్నీ ఒక్కతీరుగ ఉంటయ్, ఏ సంచిల ఏమున్నదో బ్రహ్మదేవునికి సుత తెల్వది. బయలెల్లే రోజు పొద్దుగాల బాపు పంజాగుట్టకు పోయి ప్లమ్ కేక్ సారుకు ఆఖరి సంచి ఇచ్చేసి వచ్చిండు. (ఏటా మాకు కేకు తెచ్చేటోడు గనక మేం పెట్టుకున్న పేరు గది. కోస్తా దిక్కు మనిషి, పెద్ద పొట్ట, వాళ్ల చర్చిల పిల్లలకు ఎప్పుడూ ఆయనే క్రిస్మస్ తాత.) బస్సుల బాపు మొఖం చూడాలె, చంటిపిల్లను ఎవలకో ఇచ్చి వచ్చినట్టు ఉన్నది.

గుడిసెల దిగినం. పొద్దుగూకిందో లేదో చలి మొదలైంది. ఏం చలి అది! కట్టెల సందులకెళ్లి గాలి సీదా బొక్కలల్లకే వస్తున్నది. అక్కడ ఉన్న దుప్పట్లు మూడే. బాపు అవి మా ముగ్గురికి కప్పి, తను తువ్వాల చుట్టుకొని "జర స్వెటర్లు తియ్యే" అన్నడు, పండ్లు టకటక కొట్టుకుంట. అమ్మ సంచి ఇప్పింది. లోపట ఎర్ర కోటు, ఎర్ర ప్యాంటు, కొసకు దూది ఉండ ఉన్న టోపీ, ఇంత పొడుగు తెల్లగడ్డం! తమ్ముడు కిసుక్కుమన్నడు, ఇగ నేను ఆగలే, అమ్మయితే మంచం మీద కూలబడి కొంగు నోట్ల కుక్కుకున్నది. బాపు ఒక్కడే నవ్వలె.

"నా ఇజ్జత్ పాయె! సారుకు మన మంకీ క్యాపులు ఇచ్చొచ్చిన. రేపు పిల్లలకు ఏం మొఖం చూపిస్తడు ఆయన? నడువుండ్రి, ఇప్పుడే బస్సు!"

టూరు షురువే కాలె, అయిపోయినట్టే ఉన్నది.

అడవిల ఫోను ఒక్క బండ మీదనే పలుకుతదని కావలాయన చెప్పిండు. బాపు బండ ఎక్కిండు, మేం ముగ్గురం కింద నిలబడి కనిపించని దేవుళ్లందరికీ మొక్కుతున్నం. స్పీకర్‌ల సారు గొంతు వచ్చింది.

"మాస్టారూ, ఏంటండీ ఇది? సంచీ తెరిస్తే మీ ఆవిడగారి శాలువా, కోతి టోపీలూ ఉన్నాయి!"

"తప్పయింది సారూ! అడవిల ఉన్న, మావోళ్లు టూరని తెచ్చిండ్రు. ఇప్పుడే బయలెల్లి వస్త."

"ఆగండాగండి. మీరు దుకాణం మూశారా?" అని సారు ఒక్కటే నవ్వు. "మీరొస్తే నేను తలుపు తియ్యను. పాత సూటు ఉందిలెండి, పొట్ట దగ్గర బొత్తాలు పట్టవు, పైన ఆ శాలువా కప్పుకుంటాను. మీరు చలికి బిగుసుకుపోకుండా ఆ కొత్తది వేసుకోండి."

"అమ్మో! గిరాకీ బట్ట కుట్టెటోని ఒంటికి తాకొద్దు సారూ!" (మా బాపుకు గిది వేదం. భుజం కుదిరిందా లేదా అని చూడనీకె సుత తను తొడుగడు.)

"గిరాకీ బట్ట కాదు మాస్టారూ, అది మీకు నా క్రిస్మస్ కానుక. ఇంక మారు మాట్లాడకండి!"

బాపు ఫోను జేబుల ఏస్కున్నడు. దిగివచ్చి కోటు తొడిగిండు. సారు పొట్టకు కుట్టిన కోటు, బాపు కాక లోపట ఇంకో ఇద్దరు పడుతరు. చెవులకు వెచ్చగ ఉంటదని గడ్డం సుత కట్టుకొని అరుగు మీదికి వచ్చిండో లేదో, పక్క గుడిసెల పోరగాండ్లు "క్రిస్మస్ తాతా!" అని ఒక్కటే ఉరుకుడు. బాపు ఎన్కకు తిరిగి చూసిండు, ఎవరొచ్చిండ్రో అని. "నేను తాతను కాదురా, టైలర్ను!" అన్నడు గానీ వినేదెవరు? ఒకడు మెడకెక్కిండు, ఒక పిల్ల గడ్డం పట్టింది. అమ్మ ఇంట్ల చేసి తెచ్చిన తీపి గరిజెల డబ్బా అందిచ్చింది, క్రిస్మస్ తాత గరిజెలు పంచిండు. మెడకెక్కినోని అంగీకి బొత్తాం ఊగుతున్నదని చూసి, ఎప్పుడూ తన కాలరుకే ఉండే సూది తీసి అక్కడికక్కడ కుట్టిండు. ఇగ చూస్కో, బొత్తాలు తెంపుకొని మరీ లైను కట్టిండ్రు పోరగాండ్లు! బాపు నవ్విండు. గడ్డం జారి మెడల పడేదాంక నవ్విండు. నాకు ఏడుపొచ్చినంత పని అయింది, గంత సంబురం.

ఇప్పుడు మా దుకాణం సందు ముంగట మెట్రో పోతున్నది. మెషిన్ మూలకు పెట్టినం. నాకేమో ల్యాప్‌టాప్ ఒళ్లకెళ్లి దిగదు, బాపు బిడ్డను కద. డిసెంబర్ రాంగనే బాపు ఎర్ర కోటు దులుపుకుంట వస్తడు. "బిడ్డా, గీ సెలవులకు ఎటు పోతున్నం?"

"ఆఫీసుల మస్తు పనున్నది బాపూ, ఈసారి కాదు."

"ఒక్కసారి రా. మంచిగ అనిపియ్యకపోతె ఇగ జన్మల అడుగ."

ఇగ నేనేం జేస్త? ల్యాప్‌టాప్ మూసి సంచి సర్దుత. (లోపట స్వెటర్లున్నయా అని మాత్రం చూడ.)