డబ్బాలో వేసిన ఉమ్ము

మా ఇంట్లో మగవాళ్ళు నలుగురి ఎదుట ఉమ్మరు. నందికొట్కూరు దగ్గర మా తాత పంచాయతీ చెప్పేటప్పుడు దగ్గు వస్తే లేచి లోపలికి వెళ్ళి, గొంతు సరిచేసుకుని వచ్చి కూర్చునేవాడట. పొలాలు పోయాయి, మిద్దె పోయింది. ఈ పట్టింపు మాత్రం నా దాకా వచ్చింది. కడపలో నాపరాళ్ళు కోసే చోట పదిహేడేళ్ళు కూలీల మీద అజమాయిషీ చేశాను. వాళ్ళు దుమ్ముకు ముక్కు మీద తువ్వాలు కట్టుకునేవాళ్ళు. నేను కట్టుకోలేదు.

దగ్గు మొదలై ఏళ్ళయింది. పొద్దున లేవగానే రొమ్ములో తెమడ గురగురలాడేది. పైకి వస్తే మింగేసేవాణ్ణి. పోయిన వేసవిలో జ్వరం వదలకపోతే డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. ఊపిరి పోయే గొట్టాలు అక్కడక్కడ సాగి వదులైపోయాయట. తెమడ అక్కడే నిలిచి, అందులో సూక్ష్మక్రిములు స్థిరపడ్డాయట. ఒక్క జాతి కాదు, ఎన్నో రకాలు కలిసి జిగట పొర కట్టుకుని దాని చాటున బతుకుతాయని, ఒకదాన్ని మందుతో చంపితే ఆ ఖాళీలో ఇంకొకటి పెరగవచ్చని చెప్పింది. ఏవి పెరుగుతున్నాయో తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలనని తెమడ పరీక్షకు రాసింది.

ఆ మాటలు విన్నాక గట్టిగా ఊపిరి పీల్చడానికే జంకాను. పీల్చిన ప్రతిసారీ వాటికి నేనే గాలి అందిస్తున్నట్టు ఉండేది.

ల్యాబులో మూత డబ్బా ఇచ్చి, వెనక ఆరుబయట నిలబడి లోపలి నుంచి దగ్గి పట్టమన్నారు. అక్కడ బెంచీల మీద జనం ఉన్నారు. నేను గోడ వైపు తిరిగి, నోట్లో ఊరిన ఉమ్ము డబ్బాలో వేసి ఇచ్చేశాను. నోట్లో మామూలుగా ఉండే క్రిములే కనిపించాయని రిపోర్టు వచ్చింది. సరిగ్గా దగ్గే పట్టారా అని డాక్టరమ్మ అడిగితే, పట్టానని అబద్ధం చెప్పాను. జ్వరానికి ఇచ్చిన పాత మాత్రలే సాగాయి.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున తువ్వాలు మీద రక్తం పడింది. దాన్ని మడిచి, మళ్ళీ విప్పి చూశాను. ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి మొదటి డబ్బా సంగతి ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే భయం కాస్త తగ్గేది.

రెండోసారి కూడా ముందు ఉమ్మే వచ్చింది. బురఖా మీద తెల్లకోటు వేసుకున్న ల్యాబు అమ్మాయి డబ్బా ఎత్తి చూసింది.

"ఇది ఎంగిలి, పెద్దాయనా. నోట్లో ఉండేది నాకెందుకు? రొమ్ములో ఉండేది గావల్ల."

ఇంకో డబ్బాతో మళ్ళీ బయటికి పంపింది. బెంచీ చివర మా పాత ఊరి మనిషి ఉన్నాడు. చర్చి పక్క ఇల్లు, వాళ్ళ పెద్దలు మా పొలాల్లో పనిచేసినవాళ్ళు. వచ్చినప్పుడే గుర్తుపట్టి, పట్టనట్టు నిలబడ్డాను. అతని చేతిలోనూ డబ్బా ఉంది.

"ఏమప్పా, దగ్గేదానికి గూడా ముహూర్తం జూస్తాండావా?" అన్నాడు. వాళ్ళ నాయన మా నాయనను దొరా అనేవాడు.

రావడం లేదన్నాను.

"నేనూ నీ మాదిరే మింగుతాంటి. మింగితే యాడికి పోతాదనుకుంటివి? వంగు."

వంగాను. అరచేయి దొప్పలా చేసి నా వీపు మీద తట్టాడు. చాలాసేపు తట్టాడు. బెంచీలన్నీ చూస్తుండగా ఎక్కడో అడుగు నుంచి కదిలి వచ్చింది. కళ్ళ నీళ్ళతో డబ్బాలో పట్టాను. పచ్చగా, చిక్కగా ఉంది. అందులో ఎర్రటి చార.

అమ్మాయి చూసి, "ఇప్పుడొచ్చింది అసలు సరుకు" అని మూత బిగించింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. రెండు రకాలు పెరిగాయి. కింద మందుల వరుసలో మాత్రలన్నింటికీ ఎదురుగా పనిచేయవనే ఉంది. నరానికి ఎక్కించేవి రెండే మిగిలాయి.

"మొదటిసారే సరిగ్గా ఇచ్చి ఉంటే మాత్రలతో పోయేదా అమ్మా?" అని అడిగాను.

డాక్టరమ్మ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "అది నేనిప్పుడు చెప్పలేను. ఈ రోజే చేరండి."

చేరాను. మందు చుక్క చుక్కగా ఎక్కుతున్నంతసేపూ కదలకుండా పడుకున్నాను. దగ్గు వస్తే రక్తం పడుతుందేమోనని, రాకపోతే ఆ క్రిములు లోపలే ఉండిపోతాయేమోనని.